కాలేజీ గురించి బ్లాగులో రాస్తే డిబార్ చేస్తారా? ముందు ఆ నోటీసు సరిగ్గా చదవండి

మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు ఆంధ్రలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ మూడో ఏడాది. హాస్టల్ నీళ్ళ గురించి, అటెండెన్స్ తగ్గినవాళ్ళ దగ్గర రసీదు ఇవ్వకుండా వసూలు చేస్తున్న కండోనేషన్ ఫీజు గురించి మీ బ్లాగులో రాశారు. ఆ లింకు క్లాసు వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. హెచ్‌ఓడీ పిలిచి సాయంత్రంలోగా తీసెయ్యమన్నారు, మీరు తీయలేదు. ఇప్పుడు 'సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించారు' అంటూ క్రమశిక్షణ సంఘం నుంచి నోటీసు వచ్చింది, అమ్మానాన్నల్ని తీసుకురమ్మని ఫోను వచ్చింది. క్షమాపణ పత్రం మీద సంతకం పెడితే వదిలేస్తామంటున్నారు. వచ్చే ఏడాది ఎమ్మెస్‌కి వెళ్ళాలి కాబట్టి టెన్షన్‌గా ఉంది.

నేను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చాలా ఏళ్ళు ఇలాంటి సంఘాల్లో బల్లకి అవతలి వైపు కూర్చున్నాను. లాయర్ని కాను. కానీ ఈ ఫైళ్ళు హైకోర్టు దాకా వెళ్ళినప్పుడు ఏది నిలబడుతుందో, ఏది ఎగిరిపోతుందో దగ్గర నుంచి చూశాను.

మీకు ఇప్పటిదాకా రెండు రకాల సలహాలు వచ్చాయి. ఆర్టికల్ 19 ఉంది, ఎవరూ ఏమీ పీకలేరని ఒకటి. ప్రైవేటు కాలేజీ, వాళ్ళిష్టం, నోరు మూసుకుని సంతకం పెట్టమని ఇంకొకటి. రెండూ మిమ్మల్ని ఇబ్బందిలో పడేసేవే. భావ ప్రకటనా స్వేచ్ఛ గురించి గంటసేపు మాట్లాడి ఏ విద్యార్థీ సంఘం ముందు గెలవగా నేను చూడలేదు. 'ఏ రూలు కింద పిలిచారు? నేను రాసినదాంట్లో ఏ వాక్యం ఆ రూలుకి విరుద్ధం? నా సమాధానం ఎప్పుడు వింటారు?' అని కాగితం మీద అడిగినవాళ్ళ జోలికి వెళ్ళాలంటే మాత్రం రిజిస్ట్రారు ఆఫీసు రెండుసార్లు ఆలోచిస్తుంది.

దీనికి 2025 మే నెలలో పుణెలో జరిగినదానికన్నా మంచి ఉదాహరణ లేదు. పందొమ్మిదేళ్ళ ఇంజనీరింగ్ అమ్మాయి, ఆపరేషన్ సిందూర్ సమయంలో ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరిదో పోస్టు ఒకటి రీపోస్టు చేసింది. బెదిరింపులు రాగానే రెండు గంటల్లో తీసేసింది, క్షమాపణ కూడా చెప్పింది. అయినా కాలేజీ రస్టికేట్ చేసింది, అంటే పేరు కొట్టేసి బయటికి పంపేసింది, పోలీసులు అరెస్టు చేశారు, ఎరవాడ జైల్లో పెట్టారు. మే 27న బొంబాయి హైకోర్టు ఆమెని విడుదల చేయమంది, రస్టికేషన్ ఉత్తర్వుని నిలిపేసి పరీక్షలు రాయనివ్వమంది. వివరణ ఇచ్చుకునే అవకాశం కూడా ఇవ్వకుండా విద్యార్థిని బయటికి పంపేశారన్నది కోర్టు గట్టిగా పట్టుకున్న విషయం. పోస్టు తీసెయ్యడం ఆమెని కాపాడలేదు, సారీ కాపాడలేదు. కాలేజీ తొందరపడి చేసిన పనిలోని లోపమే కాపాడింది. ఆ పోస్టు మీకు నచ్చుతుందా లేదా అనేది ఇక్కడ అప్రస్తుతం. మీ పోస్టు దాని ముందు ఎంత? హాస్టల్ ట్యాంకు కడగలేదని రాశారు, అంతే కదా.

ఇక రాజ్యాంగం సంగతి. ఆర్టికల్ 19(1)(ఎ) ఇచ్చిన స్వేచ్ఛకి 19(2)లో హద్దులున్నాయి: దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపించడం. మీ నోటీసులో రాసిన 'సంస్థ ప్రతిష్ఠ' ఈ జాబితాలో లేదు. దగ్గరగా ఉన్నది పరువునష్టం. దానికి నిజమేదో అబద్ధమేదో తేల్చాలి, ఊరికే బాధ కలిగిందంటే సరిపోదు.

పైగా ఆ హద్దు పెట్టేది కూడా చట్టమై ఉండాలి. 1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపేశారు. వాళ్ళు యెహోవా సాక్షులు. పాడకపోయినా లేచి మర్యాదగా నిలబడేవారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మత విశ్వాసం గురించి ఆయన అన్న మాటలనే అందరూ గుర్తుపెట్టుకుంటారు. మీకు పనికొచ్చేది మాత్రం ఇంకోటి: ప్రాథమిక హక్కుని చట్టబద్ధమైన నియమంతోనే నియంత్రించాలి, చట్ట బలం లేని శాఖాపరమైన ఆదేశంతో కాదు. మన క్యాంపస్‌లలో 'సోషల్ మీడియాలో సంస్థ గురించి రాయరాదు' అని నోటీసుబోర్డుకి అంటించే సర్క్యులర్లలో చాలావాటికి ఏ ఆర్డినెన్సూ (యూనివర్సిటీ అధికారికంగా చేసుకున్న నియమం) ఆధారంగా ఉండదు. డీన్ సంతకం ఒక్కటే ఉంటుంది. కాబట్టి 'ఈ నిబంధన యూనివర్సిటీ స్టాట్యూట్స్‌లో ఉందా, ఆర్డినెన్స్‌లో ఉందా, లేక సర్క్యులరా? కాపీ ఇప్పించగలరు' అన్నది మీ మొదటి ఉత్తరంలో మొదటి ప్రశ్న కావాలి.

కానీ మీది ప్రైవేటు యూనివర్సిటీ. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో చదివేవాళ్ళు అడిగినంత సూటిగా మీరు ఆర్టికల్ 19 అడగలేరు. ఆ హక్కు ప్రధానంగా ప్రభుత్వం మీద. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ తీర్పు ఈ హక్కుని ప్రభుత్వేతరుల మీద కూడా అమలు చేయొచ్చంది. అయితే దాన్ని పట్టుకుని కాలేజీ మీదికి వెళ్ళడం మీ మొదటి అడుగు కాకూడదు. మీకు బలమైనది వేరే ఉంది. విద్య చెప్పడం ప్రజా బాధ్యత కాబట్టి డీమ్డ్ యూనివర్సిటీ మీద కూడా హైకోర్టులో రిట్ (ప్రజా బాధ్యత సరిగ్గా నిర్వర్తించమని కోర్టుని నేరుగా అడిగే పిటిషన్) వేయొచ్చని 2015లో ఎస్‌ఆర్‌ఎం యూనివర్సిటీ మీద ఒక అధ్యాపకురాలు వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ యూనివర్సిటీ కూడా 2016 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద పుట్టినదే అయితే, 'మేం ప్రైవేటు, కోర్టుకి సంబంధం లేదు' అన్న మాట చెల్లదు.

రెండో బలం మీ స్టూడెంట్ హ్యాండ్‌బుక్. అడ్మిషన్ రోజు చదవకుండా మీరు, మీ నాన్నగారు సంతకాలు పెట్టిన ఆ పుస్తకమే. అది మీ చేతులు ఎంత కడుతుందో వాళ్ళ చేతులూ అంతే కడుతుంది. నోటీసుకి ఇన్ని రోజుల గడువు ఇవ్వాలి, విద్యార్థి ప్రతినిధి ఉండాలి, అప్పీలు ఫలానావారికి చేసుకోవాలి అని అందులో రాసి ఉంటే, అవి పాటించకుండా ఇచ్చిన శిక్ష కోర్టులో నిలవడం కష్టం. అమెరికాలో మార్కెట్ యూనివర్సిటీ అనే ప్రైవేటు సంస్థ, బ్లాగులో తోటి బోధకురాలిని విమర్శించిన ప్రొఫెసర్ని సస్పెండ్ చేసింది. 2018లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఆయన్ని తిరిగి తీసుకోమంది. ఆ తీర్పుకి ఆధారం ఆ యూనివర్సిటీ తనంతట తాను ఉద్యోగ ఒప్పందంలో రాసిచ్చిన హామీ. ప్రైవేటు సంస్థతో పేచీ వచ్చినప్పుడు వాళ్ళు రాసిన కాగితమే మీకు పనికొస్తుంది. ఇవాళే హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ దించుకోండి, రేపటికి వెబ్‌సైటులో మారిపోవచ్చు. ఇది వెటకారం కాదు.

సంఘం లోపల ఏం జరుగుతుందో కూడా చెప్తాను, భయం కాస్త తగ్గుతుంది. ఒక పొడవాటి బల్ల, నలుగురైదుగురు ప్రొఫెసర్లు, పక్కన ఆఫీసు సూపరింటెండెంటు. ఫైల్లో మీ పోస్టు స్క్రీన్‌షాట్లు ఉంటాయి, జిరాక్సుకి జిరాక్సు తీసి సగం చదవడానికి రానివి. కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది పోస్టు మొత్తం చదివి ఉండరు. ఎవరో పసుపు హైలైటర్‌తో గీసిన రెండు వాక్యాలు మాత్రం చదివి ఉంటారు. (స్క్రీన్‌షాట్ ఇచ్చింది దాదాపు ఎప్పుడూ మీ క్లాస్‌మేటే అయి ఉంటాడు. పేరు మార్చుకుని రాస్తే దొరకం అనుకునేవాళ్ళ కోసం చెప్తున్నా.) వాళ్ళకి మూడింటికి ఇంకో మీటింగు ఉంటుంది. ఫైలు మూసెయ్యడానికి అన్నిటికన్నా సులువైన కాగితం మీ క్షమాపణ. అందుకే 'బాబూ, ఒక లెటర్ రాసిచ్చెయ్, భవిష్యత్తు పాడుచేసుకోకు' అన్న మాట ముందే వస్తుంది. అలా అనేవాళ్ళలో నిజంగా మీ మేలు కోరేవాళ్ళూ ఉంటారు. కానీ ఆ లెటర్ ఫైల్లోంచి ఎప్పటికీ బయటికి రాదు.

ఆ లెటర్‌లో ఏముంటుందో చూడండి. 'నేను సోషల్ మీడియాలో తప్పుడు సమాచారం ప్రచారం చేసి సంస్థ పరువుకు భంగం కలిగించితిని, ఇకపై ఇట్టి చర్యకు పాల్పడినచో ఎట్టి నోటీసు లేకుండా తొలగించుటకు నాకు అభ్యంతరం లేదు' అని ఉంటుంది. కొన్నిచోట్ల వంద రూపాయల స్టాంపు పేపరు మీద. ఒక్క సంతకంతో మీరు మూడు పనులు చేస్తారు. మీరు రాసింది అబద్ధమని ఒప్పుకుంటారు, అది నేరమని ఒప్పుకుంటారు, తరవాతిసారి వాళ్ళు మిమ్మల్ని విచారించకుండా తీసెయ్యడానికి ముందుగానే అనుమతి ఇస్తారు. ఇది సంతకం పెట్టకండి. రాయాల్సి వస్తే మీ మాటల్లో మీరు రాయండి: 'నా పోస్టులో ఫలానా వాక్యంలో వాడిన మాట ఎవరినైనా నొప్పించి ఉంటే చింతిస్తున్నాను. ఆ మాట తొలగించాను. మిగతా విషయాలు నాకు తెలిసినంతలో నిజం, విద్యార్థుల మేలు కోసం రాసినవి.'

ఇంతకీ ఆ ఫలానా వాక్యం ఉంది మరి. మీరు ఇక్కడ పెట్టిన పోస్టు రెండుసార్లు చదివాను. నీళ్ళ గురించి రాసింది బాగుంది. తేదీలు ఉన్నాయి, ట్యాంకు ఫోటో ఉంది, వార్డెన్‌కి ముందే ఫిర్యాదు ఇచ్చినట్టు రాశారు. కండోనేషన్ ఫీజు గురించి రాసిందీ ఫర్వాలేదు: 'నా దగ్గర డబ్బులు తీసుకున్నారు, రసీదు అడిగితే తరవాత ఇస్తామన్నారు' అన్నారు. అది మీ అనుభవం. దాని కింద 'మా ఏఓ దొంగ, అందరూ వాటాలు పంచుకుంటున్నారు' అని అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు గురించి ఉంది చూశారా, కేసంతా అక్కడే ఉంది. రసీదు ఇవ్వలేదనడానికి మీ దగ్గర సాక్ష్యం ఉంది. వాటాలు పంచుకున్నారనడానికి ఏముంది? ఒక మనిషిని దొంగ అన్నారు, ఆయనకీ ఇల్లూ పిల్లలూ ఉంటారు. పసుపు గీత కచ్చితంగా ఆ వాక్యం మీదే ఉంటుంది. ఆ ఒక్కటీ ఇవాళే తీసెయ్యండి. తీసేముందు పోస్టు మొత్తం, తేదీతో సహా, స్క్రీన్‌షాట్ తీసి మెయిల్లో మీకు మీరే పంపుకోండి. మిగతా పోస్టు ఉంచాలా తీయాలా అనేది మీ ధైర్యం, మీ ఇంటి పరిస్థితి. నేనైతే ఉంచమంటాను.

పోలీసు కేసు పెడతామని బెదిరిస్తే కంగారు పడకండి. ఆన్‌లైన్‌లో రాసినవాటికి అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఇద్దరమ్మాయిలను అరెస్టు చేశాక శ్రేయా సింఘాల్ వేసిన కేసు అది. కొట్టేసిన సెక్షన్ కింద ఆ తరవాత కూడా కేసులు పెడుతుంటే 2022లో సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు పరువునష్టం భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. దానికి పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టలేరు, బాధితులే కోర్టులో ఫిర్యాదు వేసుకోవాలి. నిజమై, ప్రజల మేలు కోసం చెప్పిందైతే అది పరువునష్టం కాదని ఆ సెక్షన్‌లోనే ఉంది. కాలేజీవాళ్ళు మీ ఫోను లాక్ తీసి ఇమ్మంటే ఇవ్వనక్కర్లేదు, మర్యాదగా 'రాతపూర్వకంగా అడగండి సార్' అనండి. హాస్టల్ అమ్మాయిల ఫోన్ల మీద కేరళలో ఒక కాలేజీ పెట్టిన ఆంక్షని 2019లో ఆ రాష్ట్ర హైకోర్టు తప్పుపట్టింది. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమే అంది.

ఇంకో జాగ్రత్త. మీ బ్లాగు పైన యూనివర్సిటీ లోగో, పేరు పక్కన 'స్టూడెంట్ వాయిస్' అని పెట్టారు. అది తీసెయ్యండి. 2015లో ఐఐటీ మద్రాసులో అంబేడ్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ గుర్తింపు రద్దు చేసినప్పుడు, అనుమతి లేకుండా సంస్థ పేరు వాడారన్నదే యాజమాన్యం చెప్పిన కారణాల్లో ఒకటి. పెద్ద గొడవయ్యాక జూన్‌లో తిరిగి గుర్తింపు ఇచ్చారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 2024లో ఒక దళిత పీహెచ్‌డీ విద్యార్థిని రెండేళ్ళు సస్పెండ్ చేసింది. ఢిల్లీ నిరసనలో సంస్థ పేరున్న బ్యానరు పట్టుకోవడం, అది సంస్థ అభిప్రాయమేమో అనిపించడం అక్కడ ముఖ్యమైన ఆరోపణ. బొంబాయి హైకోర్టు 2025 మార్చిలో అతని పిటిషన్ కొట్టేసింది. మే నెలలో సుప్రీంకోర్టు, అప్పటిదాకా అనుభవించిన శిక్ష చాలని, పీహెచ్‌డీ పూర్తి చేసుకోనివ్వమంది. అంటే అప్పటికే ఏడాది పోయింది. ఆ హైకోర్టు తీర్పు నాకు నచ్చలేదు, అది వేరే విషయం. నచ్చనంత మాత్రాన లోగో పెట్టుకుని దొరికిపోవడం తెలివి కాదు. 'ఇవి నా సొంత అభిప్రాయాలు' అని ఒక లైను పెట్టండి.

శిక్ష పడితే ఏ రూపంలో పడుతుందో కూడా చూసుకోండి. క్లాసులోంచి పంపడం అందరికీ కనిపిస్తుంది. హాస్టల్ నుంచి పంపడం ఎవరికీ కనిపించదు. డబ్బున్న ఇంటి పిల్లాడు బయట గది తీసుకుంటాడు. స్కాలర్‌షిప్ మీద బతికేవాడికి మాత్రం అది చదువు మానెయ్యమనడమే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2015లో రెండు విద్యార్థి సంఘాల మధ్య గొడవ ముదరడంలో ఒక ఫేస్‌బుక్ పోస్టు ఉంది. ఆ తరవాత ఐదుగురు పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి పంపేశారు. వాళ్ళలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. ఇలాంటి రోజుల్లో ఒంటరిగా గదిలో కూర్చోకండి. అమ్మానాన్నలకి కాలేజీ వాళ్ళకన్నా ముందు మీరే చెప్పండి, పోస్టు చదివి వినిపించండి. అవతలివాళ్ళ ఫోనులో 'మీవాడు చెడిపోయాడు' అని మొదటిసారి వింటే ఏ నాన్నయినా ముందు మిమ్మల్నే తిడతాడు. సంఘం ముందు వాళ్ళే కాళ్ళావేళ్ళా పడితే ఇక మీరు నోరెత్తలేరు.

నోటీసుకి జవాబు మెయిల్లోనూ స్పీడ్‌పోస్టులోనూ పంపండి. రూలు కాపీ, ఫిర్యాదు కాపీ, స్క్రీన్‌షాట్ల కాపీ అడగండి, చదివి జవాబివ్వడానికి గడువు అడగండి. సర్టిఫికెట్లు గానీ హాల్‌టికెట్ గానీ ఆపితే ఊరుకోవద్దు. యూజీసీ 2023లో తెచ్చిన విద్యార్థి ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో ఒక ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అది 15 పనిదినాల్లో తేల్చాలి, అక్కడ న్యాయం జరగకపోతే అంబుడ్స్‌పర్సన్ (విద్యార్థుల అప్పీళ్ళు వినే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. ఒరిజినల్స్ పట్టుకుని కూర్చోవడం ఆ నిబంధనల్లో నేరుగా ఫిర్యాదు అంశమే. పరీక్షలు దగ్గరపడి శిక్ష ఇచ్చేస్తే మాత్రం కమిటీల కోసం ఆగకుండా అమరావతి హైకోర్టులో రిట్ వేసే లాయర్ని పట్టుకోండి.

ఇది చదువుతున్న నర్సింగ్, మెడిసిన్ పిల్లలకి ఒక్క మాట. పైన చెప్పింది మీకు సగమే వర్తిస్తుంది. పేషెంటు గురించి రాస్తే లెక్క వేరు. అమెరికాలో లూయివిల్ యూనివర్సిటీలో ఒక నర్సింగ్ విద్యార్థిని, తను దగ్గరుండి చూసిన కాన్పు గురించి మైస్పేస్‌లో రాసింది, తల్లి పేరు రాయలేదు. 2009లో తీసేశారు. మొదట ఒక కోర్టు తిరిగి చేర్చుకోమన్నా, ఏళ్ళ తరబడి నడిచాక చివరికి యూనివర్సిటీయే గెలిచింది. గోప్యత పాటిస్తానని ఆమె ముందే సంతకం పెట్టి ఉంది. మిన్నెసోటాలో శవాల మీద శిక్షణ తీసుకుంటూ ఫేస్‌బుక్‌లో జోకులు వేసిన విద్యార్థినీ 2012లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడిపోయింది. వార్డులో ఫోటో తీయకండి, రీలు చేయకండి. హాస్టల్ మెస్ గురించి ఎంతైనా రాయండి.

ఇక మీ ఎమ్మెస్. అమెరికా వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఐడీలు 2019 నుంచి అడుగుతున్నారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్ళు ప్రొఫైళ్ళు పబ్లిక్‌గా పెట్టాలన్నారు. ఆ భయంతో ఉన్న ఖాతా దాచకండి, ఫారంలో అబద్ధం రాయడం ఏ పోస్టుకన్నా ప్రమాదం. హాస్టల్ నీళ్ళ మీద రాసినందుకు వీసా ఆగుతుందని నేను అనుకోను. మీకు నిజంగా అడ్డొచ్చేది వేరే: చాలా అమెరికా యూనివర్సిటీల అప్లికేషన్లలో 'మీ మీద ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకున్నారా' అన్న ప్రశ్న ఉంటుంది. అందుకే నోటిమాటగా 'సరేలే, వెళ్ళు' అంటే తృప్తిపడి వచ్చెయ్యొద్దు. 'విచారణ ముగిసింది, ఎటువంటి చర్యా తీసుకోలేదు' అని రిజిస్ట్రారు సంతకంతో కాగితం అడిగి తీసుకోండి. వాళ్ళు ఇవ్వకపోతే, ఆ రోజు ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో రాసి అదే సాయంత్రం వాళ్ళకి మెయిల్ పెట్టండి.

నోటీసులో మీ పేరు, హాల్‌టికెట్ నంబరు, యూనివర్సిటీ పేరు కొట్టేసి ఇక్కడ పెట్టండి. హాజరు తేదీకి ఇంకా టైముంటే జవాబు డ్రాఫ్టు నేను చూసి చెప్తాను.